పుట్టి పెరిగిన క్రైస్తవ విశ్వాసం మీద సందేహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రైస్తవ కుటుంబంలో పెరిగి, సండే స్కూల్‌లో కంఠత వాక్యాలు అప్పజెప్పి, తర్వాత ఎప్పుడో "ఇదంతా నిజమేనా?" అని ఆగిపోయినవాళ్లు అడిగే ప్రశ్నలివి. వయసు మారినా, శాఖ మారినా ప్రశ్నలు మాత్రం పెద్దగా మారవు. అందుకే ఒకచోట చేర్చాను. దేనికది విడిగా చదువుకోవచ్చు, వరుస అక్కర్లేదు. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను: భయంతో నమ్మడం, కోపంతో వదిలేయడం రెండూ తొందరపాటేనని నా అభిప్రాయం.

## సందేహం మొదలైన కొత్తలో

ఇలాంటి ఆలోచనలు రావడమే పాపమా?

బైబిల్ ప్రకారం చూసినా కాదు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను "రాబోయేవాడివి నువ్వేనా, లేక ఇంకొకరి కోసం ఎదురుచూడాలా?" అని యేసుకు కబురు పంపాడు (మత్తయి 11). యేసు అతన్ని గద్దించలేదు, పైగా అదే అధ్యాయంలో మెచ్చుకున్నాడు. ప్రవక్త హబక్కూకు తన గ్రంథం మొదలుపెట్టిందే ఫిర్యాదుతో. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు కూడా ఉండదు. యోబు దేవుణ్ణి నిలదీశాడు. దేవుడు అతన్ని గట్టిగానే ఎదురు ప్రశ్నించాడు గానీ, కోపగించుకున్నది మాత్రం దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న అతని స్నేహితుల మీద (యోబు 42:7).

సందేహించేవాడు గాలికి కొట్టుకుపోయే సముద్ర తరంగం లాంటివాడని యాకోబు పత్రిక అంటుంది. ఆ మాటనూ దాచక్కర్లేదు. కానీ సందేహించేవాళ్ల మీద కనికరం చూపమని యూదా పత్రిక కూడా చెబుతుంది. మొదటిది వినిపించినంత తరచుగా రెండోది వినిపించదు.

పరిశుద్ధాత్మకు వ్యతిరేకంగా క్షమించరాని పాపం చేసేశానేమోనని వణుకు పుడుతోంది. చేశానా?

మార్కు 3వ అధ్యాయంలో సందర్భం చూడండి. యేసు దయ్యాలను వెళ్లగొడుతుంటే శాస్త్రులు "ఇది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని" అన్నారు. ఆ హెచ్చరిక వాళ్లకు. మనసులో దూరిన ఒక ఆలోచన గురించి, పొరపాటున అనుకున్న ఒక మాట గురించి అక్కడ ఏమీ లేదు. చివరి శ్వాస దాకా పశ్చాత్తాపాన్ని నిరాకరించడమే ఆ పాపమని 5వ శతాబ్దంలోనే బిషప్ అగస్టీన్ వివరించాడు. చేశానేమోనని కుమిలిపోతున్న మనిషి ఆ కోవలోకి రాడని పాస్టర్లు మామూలుగా చెప్పేది ఇందుకే.

ఇంకో సంగతి. వద్దనుకున్న ఆలోచన పదేపదే రావడం, దానికి పదేపదే క్షమాపణ అడగడం, అడిగిన అయిదు నిమిషాలకే మళ్లీ టెన్షన్ మొదలవడం జరుగుతుంటే, అది ఓసీడీ అనే మానసిక సమస్యలో ఒక రకం కావచ్చు. దానికి చికిత్స ఉంది. ఇక్కడ మానసిక వైద్యుడు చేసే పని వేదాంత పుస్తకం చేయలేదు.

"ఇది సైతాను శోధన" అంటున్నారు. కాదని ఎలా తెలుస్తుంది?

ఆ మాటతో వచ్చిన చిక్కేమిటంటే, దాన్ని ఏ ప్రశ్నకైనా అంటించొచ్చు, తప్పని నిరూపించే దారి లేదు. వేరే మతంలో పుట్టినవాడు తన మతాన్ని ప్రశ్నిస్తే "సత్యాన్వేషణ" అని మెచ్చుకుని, మన పిల్లలు ప్రశ్నిస్తే "శోధన" అనడం న్యాయంగా లేదు. పౌలు చెప్పింది నిజమో కాదో రోజూ లేఖనాలు తిరగేసి చూసుకున్నారని బెరయ పట్టణం వాళ్లను అపొస్తలుల కార్యములు ఘనులని పొగిడింది. ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందన్నది పక్కన పెట్టి, దానికి జవాబేమిటో చూడండి.

ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదు. విశ్వాసం పోయినట్టేనా?

ఏమీ అనిపించకపోవడం, నమ్మకపోవడం రెండూ వేర్వేరు. మదర్ థెరెసా రాసుకున్న ఉత్తరాలు ఆమె పోయిన పదేళ్లకు, 2007లో, పుస్తకంగా బయటికొచ్చాయి. దాదాపు 50 ఏళ్ల పాటు దేవుడి సన్నిధి తనకు తెలియడం లేదని, లోపలంతా చీకటేనని ఆమె వాటిలో రాసుకుంది. అయినా పని ఆపలేదు. అలాంటి కాలాన్ని 16వ శతాబ్దంలో స్పెయిన్‌కు చెందిన సన్యాసి, సిలువ యోహాను, "చీకటి రాత్రి" అన్నాడు.

అలాగని ప్రతి శూన్యాన్నీ ఆధ్యాత్మికం చేసేయకూడదు. నిద్ర, ఆకలి, స్నేహితులు, ఇష్టమైన పనులు అన్నీ చప్పబడిపోయి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ప్రార్థన ఒక్కటే చప్పగా ఉంటే అది వేరే సంగతి.

నాకు దేని మీద సందేహమో నాకే స్పష్టంగా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కాగితం మీద రాయండి. "దేవుడు ఉన్నాడా" అన్నది ఒక ప్రశ్న. "బైబిల్ అక్షరాలా నిజమా" అన్నది ఇంకొకటి. "మా సంఘంలో డబ్బు గురించి చెప్పేది సరైనదేనా", "పాస్టర్ నన్ను అందరి ముందు ఎందుకు అవమానించాడు", "నేను ప్రేమించిన మనిషిని పాపి అంటారా" అన్నవి పూర్తిగా వేరు. ఇవన్నీ ఒకే మూటగా నెత్తిన పడతాయి కాబట్టే ఊపిరాడదు. విడదీసి చూస్తే చాలామందికి తేలేది ఇదే: తమ గొడవ సంఘంతో, లేదా ఒక్క సిద్ధాంతంతో, దేవుడితో కాదని. కొందరికి దేవుడితోనే అని తేలుతుంది. అదీ తెలుసుకోవాల్సిన విషయమే.

## బైబిల్ తెరిచినప్పుడు

బైబిల్‌లో వైరుధ్యాలు లేవని నేర్పారు. నాకేమో కనిపిస్తున్నాయి. నేను తప్పుగా చదువుతున్నానా?

సరిగ్గానే చదువుతున్నారు. ఇస్కరియోతు యూదా ఉరేసుకున్నాడని మత్తయి 27 చెబుతుంది. తలకిందులుగా పడి కడుపు బద్దలై చనిపోయాడని అపొస్తలుల కార్యములు 1 చెబుతుంది. దేవాలయం నుంచి వ్యాపారులను తరిమిన సంఘటన యోహానులో సువార్త మొదట్లో వస్తుంది, మిగతా మూడింట్లో చివరి వారంలో. మరియ భర్త యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. చదివిన పండితులకు ఇవన్నీ వందల ఏళ్లుగా తెలుసు.

వీటిని ముడిపెట్టి సర్దేవాళ్లు ఉన్నారు: ఉరేసుకున్నాక తాడు తెగి పడ్డాడని, ఒక వంశావళి మరియదని. కొన్ని సర్దుబాట్లు నమ్మేలా ఉంటాయి, కొన్ని చూస్తే జాలేస్తుంది. రచయితలు నేటి పద్ధతిలో చరిత్ర రాయలేదని, తమ సాక్ష్యాన్ని తమ ఉద్దేశానికి తగ్గట్టు అమర్చుకున్నారని ఒప్పుకుని కూడా విశ్వాసంలో కొనసాగేవాళ్లు ఉన్నారు. "ఒక్క తప్పు దొరికితే మొత్తం అబద్ధం" అన్న నియమం మీకు పెద్దవాళ్లు నేర్పింది. బైబిల్ తన గురించి అలా ఎక్కడా చెప్పుకోలేదు. అయితే ఇన్ని తేడాలున్న గ్రంథాన్ని దేవుడి వాక్కని ఎందుకు నమ్మాలన్న ప్రశ్న మాత్రం న్యాయంగానే మిగులుతుంది.

ఏ పుస్తకాలు బైబిల్‌లో ఉండాలో నైసియా సభలో ఓట్లేసి తేల్చారట కదా?

ఇది బాగా పాకిన పుకారు. 325లో జరిగిన నైసియా సభ చర్చించింది ప్రధానంగా ఏరియస్ బోధ గురించి, అంటే కుమారుడు తండ్రితో సమానుడా కాడా అని. పుస్తకాల జాబితా అక్కడ తేలలేదు. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాలు సరిగ్గా ఉన్న మొదటి జాబితా మనకు 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన ఉత్తరంలో కనిపిస్తుంది. అంతకుముందే నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు చాలాచోట్ల స్థిరపడ్డాయి. హెబ్రీయులకు, ప్రకటన, 2 పేతురు లాంటి వాటి మీద మాత్రం చాలాకాలం వాదన నడిచింది.

ఇప్పటికీ అందరిదీ ఒకే బైబిల్ కాదు. ప్రొటెస్టంట్లకు 66 పుస్తకాలు, కాథలిక్కులకు 73, ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘానికి 81. ఎంపిక మనుషుల ద్వారానే జరిగింది. ఆ మనుషులను దేవుడు నడిపించాడా లేదా అన్నది చరిత్ర తేల్చగలిగే విషయం కాదు.

కొన్ని వచనాలు తర్వాత కలిపారంటున్నారు. నిజమా?

కొన్ని నిజమే. మార్కు 16వ అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు 4వ శతాబ్దపు సైనాటికస్, వాటికనస్ అనే గ్రీకు చేతిరాత ప్రతుల్లో లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ (యోహాను 8) అతి పాత ప్రతుల్లో కనిపించదు. త్రిత్వానికి రుజువుగా చూపించిన 1 యోహాను 5:7లోని పొడుగు వాక్యాన్ని పండితుడు ఎరాస్మస్ తన గ్రీకు కొత్త నిబంధన మొదటి రెండు ముద్రణల్లో వేయలేదు. 1522లో మూడో ముద్రణలోకి అది చేరింది.

అయితే రెండో వైపూ చూడాలి. ఈ తేడాలు మనకు తెలిసిందే వేల ప్రతులు దొరికి, వాటిని పోల్చి చూడగలిగినందువల్ల. చాలా తేడాలు అక్షరదోషాలు, పదాల వరుస మార్పులే. 1947 నుంచి మృతసముద్రం దగ్గర బయటపడిన చుట్టల్లోని యెషయా గ్రంథం, అంతవరకు తెలిసిన హెబ్రీ ప్రతులకంటే దాదాపు వెయ్యేళ్లు పాతదైనా, చాలావరకు వాటితో కలిసింది. "ఒక్క అక్షరం మారలేదు" అన్నది నిజం కాదు, "అంతా మార్చేశారు" అన్నదీ నిజం కాదు.

సృష్టి ఆరు రోజులా, పరిణామమా? ఒకటే ఎంచుకోవాలా?

విజ్ఞానం చెప్పేది స్పష్టంగానే ఉంది: విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల ఏళ్లు, భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు, జీవులన్నిటికీ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారు. ఈ ఆధారాలను పక్కనపెట్టమని అడిగే బోధ మీ చేత చాలా పెద్ద మూల్యం అడుగుతోంది.

కానీ ఆరు రోజులను 24 గంటల రోజులుగానే చదవాలన్నది మొదటి నుంచీ ఉన్న ఏకైక పద్ధతి కాదు. డార్విన్‌కు 14 శతాబ్దాల ముందే అగస్టీన్ ఆ రోజులు మామూలు రోజులు కావేమో అన్నాడు. విశ్వం వ్యాపిస్తోందని 1927లో ప్రతిపాదించి, బిగ్ బ్యాంగ్ ఆలోచనకు పునాది వేసిన జార్జ్ లమేత్ర్ కాథలిక్ ఫాదర్. పరిణామం కేవలం ఊహ స్థాయిని దాటిందని రెండవ జాన్ పాల్ పోప్ 1996లో అన్నాడు. కాబట్టి పరిణామాన్ని ఒప్పుకున్నంత మాత్రాన విశ్వాసం వదిలేయాల్సిన పని లేదు. ఆదాము పాపం, మరణం ఎలా వచ్చింది అన్న చోట్ల మాత్రం నిజంగానే మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది. అది సులువని ఎవరైనా అంటే నమ్మకండి.

పసిపిల్లలతో సహా చంపమన్న దేవుణ్ణి ఎలా ప్రేమించమంటారు?

1 సమూయేలు 15, యెహోషువ 6 చదివి కలత పడకపోతేనే ఆశ్చర్యం. ఈ బాధ కొత్తది కూడా కాదు. 2వ శతాబ్దంలో మార్సియన్ అనే ఆయన పాత నిబంధన దేవుడు వేరే అని దాన్నే తీసేశాడు. సంఘం అతన్ని వెలివేసింది. 3వ శతాబ్దంలో ఓరిజెన్ అనే వేదాంతి ఆ యుద్ధాలను మనలోని పాపంతో చేసే పోరాటానికి ఉపమానంగా చదివాడు. నేటి పండితుల్లో చాలామంది ఆ కథల్లో ఆనాటి యుద్ధ వర్ణనల అతిశయోక్తి ఉందని, తవ్వకాల్లో ఆ స్థాయి విధ్వంసానికి ఆధారాలు సరిపోవని అంటారు.

"దేవుడు చేసింది కాబట్టి మంచిదే" అన్న జవాబు మాత్రం నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపిస్తుంది. దాన్ని ఒప్పుకుంటే దేవుడు మంచివాడు అన్న మాటకే అర్థం మిగలదు.

ఇవన్నీ చూశాక అసలు ఏం చదవాలి?

మార్కు సువార్త 16 అధ్యాయాలే. ఎవరి వ్యాఖ్యానమూ లేకుండా ఒక్క బిగిన చదవండి. చిన్నప్పటి నుంచి ముక్కలు ముక్కలుగా విన్నవాళ్లకు అది కొత్త పుస్తకంలా అనిపిస్తుంది. తర్వాత విశ్వాసి రాసింది ఒకటి, అవిశ్వాసి రాసింది ఒకటి పక్కపక్కన పెట్టుకోండి. ఒక వైపు వీడియోలే వరుసగా చూస్తే, చివరికి మీకు తెలిసేది ఆ వైపు వాదనే.

## సిద్ధాంతాలతో కుస్తీ

యేసు పేరే వినని మంచివాళ్లు కూడా నరకానికేనా?

దీనికి క్రైస్తవులందరి జవాబు ఒకటి కాదు. యేసును ఒప్పుకోని వాళ్లందరికీ నిత్యం బాధ తప్పదన్నది ఎక్కువగా వినిపించేది. దుష్టులు చివరికి లేకుండా పోతారు, నిరంతరం కాలుతూ ఉండరు అన్నది రెండో వాదన. చివరికి అందరినీ దేవుడు తనతో సమాధానపరచుకుంటాడన్నది మూడోది, 4వ శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ లాంటివాళ్లు దాని వైపు మొగ్గారు. తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్లు, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికితే రక్షణ పొందగలరని 1964లో కాథలిక్ సంఘపు రెండవ వాటికన్ మహాసభ ప్రకటించింది. ధర్మశాస్త్రం లేని అన్యజనుల మనస్సాక్షి గురించి పౌలు రోమీయులకు 2లో రాసిన మాటలు కూడా ఈ చర్చలో తరచుగా వస్తాయి.

మీరు పెరిగిన సంఘంలో మొదటిదే వినిపించి ఉంటే, మిగతావి పక్కదారి బోధలని చెప్పి ఉండొచ్చు. మీరు ప్రేమించే ఒక మనిషి ముఖం గుర్తొచ్చి ఈ ప్రశ్న అడుగుతున్నారని నా అనుమానం. అలాగైతే అది సాకు కాదు, అసలు ప్రశ్నే.

దేవుడు మంచివాడైతే పసిపిల్లలకు క్యాన్సర్ ఎందుకు?

దీన్ని ఎవరూ పూర్తిగా తీర్చలేదు. తీర్చామన్నవాళ్లను నేను నమ్మను.

మనుషులు చేసే చెడుకు స్వేచ్ఛా చిత్తం అనే జవాబు కొంత దూరం వరకు వస్తుంది: ప్రేమించగలిగేవాడు ద్వేషించగలిగేవాడై కూడా ఉండాలి. కానీ క్యాన్సర్‌ను ఎవరూ ఎంచుకోలేదు. 1755 నవంబర్ 1న, సకల పరిశుద్ధుల పండుగ రోజు ఉదయం, లిస్బన్‌లో భూకంపం వచ్చింది. చర్చిలు ఆరాధకులతో నిండి ఉన్న వేళ. వేలమంది చనిపోయారు. అంతా మేలు కోసమేనన్న వాదనను ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ ఆ తర్వాత ఎండగట్టాడు, యూరప్‌లో ఆ చర్చ చాలా ఏళ్లు ఆగలేదు.

బాధ మనిషిని పరిణతి చెందిస్తుందన్నది ఇంకో జవాబు. పెద్దవాళ్ల విషయంలో అప్పుడప్పుడూ నిజమే. రెండేళ్ల బిడ్డ విషయంలో ఆ మాట అనడానికి నోరు రాదు. దేవుడే సిలువ మీద బాధలో పాలుపంచుకున్నాడన్నది మూడోది. అది కారణం చెప్పదు, తోడు ఉన్నాడని మాత్రం చెబుతుంది. కొందరికి అదే చాలు, కొందరికి చాలదు.

సువార్తల్లో ఒకటి మాత్రం గట్టిగా కనిపిస్తుంది. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే వాళ్లు ఎక్కువ పాపులా అని యేసే అడిగి, కాదన్నాడు (లూకా 13). గుడ్డివాడిగా పుట్టినవాడి విషయంలోనూ ఎవరి పాపమూ కాదన్నాడు (యోహాను 9). కాబట్టి మీ ఇంట్లో జబ్బు చేసినప్పుడు "ఏదో పాపం ఉండి ఉంటుంది" అని వేలు చూపించినవాళ్లకు వాళ్ల గురువు మద్దతు కూడా లేదు.

త్రిత్వం ఎంత చెప్పినా అర్థం కావడం లేదు.

ఒకే దేవుడు, ముగ్గురు వ్యక్తులు అన్న సూత్రం 325లో, 381లో జరిగిన సంఘ సభల్లో, చాలా గొడవల తర్వాత కుదిరింది. దాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నామని రాసినవాళ్లే చెప్పుకోలేదు. మూడు రూపాల్లో ఉండే నీళ్ల ఉదాహరణ చెబుతారు, అది వేదాంతులే తప్పుపట్టిన ఉదాహరణ. అర్థం కాకపోవడం వేరు, తప్పని తేల్చడం వేరు. మీరు ఏ గట్టున ఉన్నారో చూసుకోండి.

పునరుత్థానం గురించి చరిత్ర ఏమంటుంది?

పొంతి పిలాతు కాలంలో యేసును సిలువ వేశారన్నది చరిత్రకారుల్లో దాదాపు అందరూ ఒప్పుకునేదే. 2వ శతాబ్దం మొదట్లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా ఆ మరణదండనను ప్రస్తావించాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే శిష్యులు ఆయన్ను సజీవంగా చూశామని నమ్మారన్నదీ బలంగా నిలబడే విషయమే. క్రీ.శ. 50ల్లో పౌలు కొరింథీయులకు రాస్తూ, తనకు ముందే ఉన్న సాక్ష్యంగా అలా చూసినవాళ్ల జాబితా ఇస్తాడు.

వాళ్లు నిజంగా చూశారా, దుఃఖంలో కలిగిన దర్శనాలా అన్న దగ్గర చరిత్ర పద్ధతి ఆగిపోతుంది. అద్భుతాలు జరగవని ముందే తేల్చుకున్నవాడికి ఏ ఆధారమూ చాలదు, జరుగుతాయని తేల్చుకున్నవాడికి ఏ ఆధారమైనా చాలు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థమని పౌలే అన్నాడు కాబట్టి, మీరు ఈ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు నిలబడటం సబబే.

వేరే మతంలో పుట్టి ఉంటే అదే నమ్మేదాన్ని కదా? అయితే ఇది అలవాటేనా?

నమ్మకం ఎలా వచ్చిందన్నది అది నిజమో కాదో తేల్చదు. భూమి గుండ్రంగా ఉందని కూడా మనకు బడిలోనే చెప్పారు. కానీ ఆ ఆలోచన ఒక పని చేస్తుంది: మీ నమ్మకాన్ని బయటివాడి కళ్లతో ఒకసారి చూడమంటుంది. వేరే మతం అద్భుతాలను ఏ కొలతతో తోసిపుచ్చుతారో, అదే కొలతతో మీవి చూడండి.

"నమ్మితే పోయేదేముంది, నమ్మకపోతే నరకం" అంటారు. సరైన లెక్కే కదా?

17వ శతాబ్దపు గణితవేత్త పాస్కల్ పందెం ఇది. రెండు చిక్కులు. ఇదే బెదిరింపు చేసే మతాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, ఏ వైపు పందెం కాయాలి? రెండు, లాభం లెక్కేసి నమ్మడం మన చేతిలో లేదు. నమ్మినట్టు నటించడం మాత్రమే చేతిలో ఉంది, నిజంగా దేవుడుంటే ఆ నటన ఆయనకు తెలియకుండా ఉండదు.

బానిసత్వాన్ని సమర్థించిన సంఘం, స్త్రీలను మౌనంగా ఉండమన్న సంఘం నాకు నీతి ఎలా చెబుతుంది?

అమెరికాలో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అనే సంఘాల సమాఖ్య 1845లో ఏర్పడిందే బానిసల యజమానులు మిషనరీలుగా ఉండొచ్చా అన్న గొడవలో, ఉండొచ్చన్న పక్షంగా. 1995లో అది క్షమాపణ చెప్పింది. అదే బైబిల్ పట్టుకుని పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ లాంటివాళ్లు బ్రిటన్‌లో బానిసల వ్యాపారాన్ని 1807లో రద్దు చేయించారు. బానిసలుగా ఉన్నవాళ్లు కూడా నిర్గమకాండంలో తమ విడుదలను చదువుకున్నారు.

స్త్రీల విషయమూ అంతే. సంఘంలో మౌనంగా ఉండాలన్న మాట 1 కొరింథీయులకు 14లో ఉంది, స్త్రీలు ప్రార్థించడం, ప్రవచించడం మామూలే అన్నట్టు మాట్లాడిన మూడు అధ్యాయాల ముందటి మాటా అదే పత్రికలో ఉంది. రోమీయులకు 16లో ఫీబే సంఘ పరిచారకురాలు. ఇంగ్లండ్ సంఘం 1994లో స్త్రీలను గురువులుగా నియమించింది, కాథలిక్ సంఘం నియమించలేదు. గ్రంథం ఒకటే, చదివే మనుషులను బట్టి ఇంత తేడా. ఇది విశ్వాసాన్ని కొట్టేయదు గానీ, "వాక్యం స్పష్టంగా చెబుతోంది" అని ఎవరైనా బల్ల గుద్దినప్పుడు ఆగి ఆలోచించడానికి చాలు.

## ఇంట్లో, సంఘంలో

అమ్మానాన్నలకు చెప్పాలా?

చెప్పి తీరాలన్న నియమం లేదు. చదువుకో, తిండికో, ఇంటికో వాళ్ల మీద ఆధారపడి ఉంటే, బయటికి పంపేస్తారన్న భయం నిజమైనదైతే, ఆగడం పిరికితనం కాదు. సగం ఆలోచనలో ఉండగా ప్రకటన చేస్తే, రేపు మీ మనసు మారినా ఆ మాటకు కట్టుబడాల్సి వస్తుంది.

చెప్పాలనుకుంటే వాదన గెలవడానికి చెప్పకండి. వాళ్లకు మీరు ఒక సిద్ధాంతాన్ని వదిలేసినట్టు వినబడదు. మీరు నిత్యత్వంలో తమకు దూరమవుతున్నట్టు, తాము పెంపకంలో ఓడిపోయినట్టు వినబడుతుంది. ముందు ఆ రెండిటికీ జవాబు సిద్ధం చేసుకోండి.

జార్జ్ ఇలియట్‌గా పేరుపొందిన ఇంగ్లిష్ నవలా రచయిత్రి మేరీ ఆన్ ఇవాన్స్ 1842లో తండ్రితో చర్చికి రానని తెగేసి చెప్పింది. ఇల్లు చీలిపోయేదాకా వెళ్లింది. కొన్ని నెలలకు ఒక ఒప్పందం కుదిరింది: ఆమె తండ్రితో చర్చికి వస్తుంది, అక్కడ కూర్చుని ఏం ఆలోచించుకున్నా ఆయన అడగడు. తండ్రి పోయేదాకా ఆయన బాగోగులు చూసిందీ ఆమే. అందరికీ ఇదే సరిపోతుందని కాదు, ఇలాంటి మధ్య దారి ఉందని మాత్రం తెలుసుకోండి.

పాస్టర్ గారిని అడిగితే "ఎక్కువ ప్రార్థన చెయ్యి" అంటున్నారు.

కొందరికి నిజంగా జవాబు తెలియదు, తెలియదని చెప్పడానికి పదవి అడ్డొస్తుంది. కొందరు చదివారు, కానీ ప్రసంగ వేదిక మీద చెప్పలేరు. అలాంటివాళ్లు ఒంటరిగా కలిస్తే వేరేలా మాట్లాడతారు. ఒకే ఒక ప్రశ్న, నిర్దిష్టంగా, రాసి తీసుకెళ్లండి. వినే తీరు చూడండి. మీరు చెప్పింది వచ్చే ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వినబడితే, ఇక ఆయనకు చెప్పకండి.

నమ్మకం లేకుండా బాప్తిస్మం తీసుకోమంటున్నారు. తీసుకోనా?

వాయిదా వేయండి. బాప్తిస్మం సొంత ఒప్పుకోలు మీద ఆధారపడుతుందని బోధించే సంఘాల్లో, ఒప్పుకోలు లేకుండా ముంచడం వాళ్ల సిద్ధాంతం ప్రకారమే అర్థం లేని పని. "ఇంకా సిద్ధంగా లేను" అన్న మాట అబద్ధం కాదు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

సండే స్కూల్ చెబుతున్నాను, పాటల బృందంలో ఉన్నాను. మానేయాలా?

పాట వేరు, పాఠం వేరు. నమ్మనిది పసిపిల్లలకు నిజమని చెప్పాల్సి వస్తే మానేయడమే మంచిది. దానికి పని ఒత్తిడి అన్న కారణం చాలు. పాట విషయంలో మీ మనసు ఒప్పినంత కాలం పాడొచ్చు. సంగీతం మీద ప్రేమ కోసం పాడేవాళ్లు ఏ బృందంలోనైనా ఉంటారు.

పెళ్లయింది. భార్య విశ్వాసి, నేను కాకుండా పోతున్నాను.

అవిశ్వాసి అయిన భాగస్వామి కలిసి ఉండటానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దని పౌలే రాశాడు (1 కొరింథీయులకు 7). మీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవాల్సింది ముందు రోజువారీ సంగతులు: ఆదివారం, కానుకలు, పిల్లలు, భోజనం ముందు ప్రార్థన. దేవుడి ఉనికి గురించిన వాదన వీటి తర్వాత. ఆమె ప్రార్థిస్తుంటే ఎగతాళి చేయకుండా ఉండటం మీ వంతు, మీ మౌనాన్ని పాపంగా ఎంచకుండా ఉండటం ఆమె వంతు.

సంఘంలో నన్ను వేధించారు. క్షమించమంటున్నారు.

క్షమాపణ మీ ఇష్టం, మీ సమయం. నేరం మాత్రం నేరమే. శారీరకంగా, లైంగికంగా వేధించి ఉంటే పోలీసులకు చెప్పండి. సంఘ పెద్దల విచారణ దానికి ప్రత్యామ్నాయం కాదు. "సంఘం పేరు పోతుంది" అన్నవాళ్లు మీ వైపు లేరు.

## ఆ తర్వాత

నమ్మకం పోయింది. నరకం భయం పోలేదు. ఎందుకు?

చిన్నప్పుడు మనసులో నాటుకున్న భయం వాదనతో రాలేదు కాబట్టి వాదనతో పోదు. రాత్రిళ్లు, జ్వరంలో, విమానం ఎక్కినప్పుడు తిరిగొస్తుంది. ఆ వేళ దానితో చర్చకు దిగకండి. లైటు వేసి, నీళ్లు తాగి, తెల్లారాక ఆలోచించండి. పగటిపూట మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: వేరే మతం చెప్పే నరకం గురించి నాకు ఎందుకు నిద్ర పట్టకుండా పోవడం లేదు? భయం ఎంత బలంగా ఉందన్నది అది నిజమనడానికి రుజువు కాదని అక్కడ తెలుస్తుంది. ఏళ్లు గడిచినా వదలకపోతే కౌన్సెలింగ్ పనికొస్తుంది, మతం పట్ల మీలో ద్వేషం నింపని మనిషినే ఎంచుకోండి.

ఆదివారాలు ఖాళీగా, జీవితం ఒంటరిగా ఉంది.

ఉంటుంది. సంఘం మీకు సిద్ధాంతంతో పాటు పాట, పలకరింపు, ఆసుపత్రికి వచ్చే నలుగురు మనుషులను ఇచ్చింది. వాటి కోసం దిగులుపడితే విశ్వాసం మిగిలి ఉందని అర్థం కాదు. ఆ నలుగురిలో ఇద్దరితోనైనా విశ్వాసం ప్రసక్తి లేని స్నేహం నిలుపుకోవడానికి ప్రయత్నించండి. పోయిన దేవుణ్ణి తలచుకుని ఏడ్చినా సిగ్గుపడకండి.

దేవుడు లేకపోతే మంచి చెడు ఎక్కడి నుంచి వస్తాయి?

చర్చి ముఖం చూడని సమాజాల్లోనూ దొంగతనాన్ని తప్పంటారు, ముసలివాళ్లను ఆదుకుంటారు. దానికి పునాది ఏమిటన్నది తత్వవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రేపు పొద్దున మీరు అబద్ధం చెప్పకుండా ఉండటానికి ఆ వాదన తేలే దాకా ఆగక్కర్లేదు.

శాఖ మారితే సరిపోతుందేమో?

కొందరికి సరిపోతుంది. మీ గొడవ భూమి వయసుతోనో, పాస్టర్ అధికారంతోనో, నరకం బోధతోనో అయితే, వాటిని వేరేలా చూసే సంఘాలు ఉన్నాయి. యేసు ఎవరన్న ప్రశ్న దగ్గరే గొడవైతే పేరు మారినా ప్రశ్న మీతోనే వస్తుంది.

నాస్తికుణ్ణని చెప్పుకోవాలా? ఏదో ఒక పేరు ఉండాలి కదా?

అక్కర్లేదు. తెలియదని చెప్పేవాళ్లకు 1869లో జీవశాస్త్రవేత్త హక్స్‌లీ "అగ్నాస్టిక్" అన్న పేరు పెట్టాడు, డార్విన్ కూడా తన గురించి అదే మాట వాడాడు. మీకు నప్పితే వాడండి. మతం మార్చుకునే హక్కు 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణంలో ఉంది, దానికి గడువు మాత్రం ఎక్కడా రాయలేదు.

మళ్లీ నమ్మాలనిపిస్తోంది. వెనక్కి వెళితే ఓడిపోయినట్టా?

ఎందుకవుతుంది? ప్రశ్నలు అడిగి తిరిగొచ్చినవాళ్లు తరచుగా మునుపటి చోటికే రారు. కొన్ని సిద్ధాంతాలు వదిలేసి, కొన్ని ఇంకా గట్టిగా పట్టుకుని వస్తారు. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: ఒంటరితనం, జబ్బు, పెళ్లి ఒత్తిడి వల్ల వెళుతున్నారా, లేక మీకు నిజమని తోచి వెళుతున్నారా? మొదటి కారణంతో వెళ్లినా తప్పు లేదు. కాకపోతే ఆ విషయం మీకు తెలిసి ఉండాలి.

నా పిల్లలకు ఏం నేర్పాలి?

కథలు చెప్పండి. దావీదు, యోనా, తప్పిపోయిన కుమారుడు తెలియకుండా పెరిగితే వాళ్లకు సాహిత్యంలో, చిత్రాల్లో సగం అర్థం కాదు. "అమ్మమ్మ ఇలా నమ్ముతుంది, నాన్న ఇలా అనుకుంటాడు, నీకు ఏమనిపిస్తోంది?" అని అడగండి. నరకం గురించి ఎవరైనా భయపెడితే మాత్రం వెంటనే అడ్డుపడండి, అత్తగారైనా సరే. అమ్మమ్మతో కలిసి ప్రార్థన చేసుకుంటామంటే చేసుకోనివ్వండి. వచ్చాక ఏం అడిగావని అడగండి, వింటూ నవ్వకండి.